రక్తం పేరుకునే అరగంట

తొమ్మిదీ పదికి ఎర్ర మూత ట్యూబును స్టాండులో నిలబెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని, పొయ్యి మీద పాలు పెట్టిన కొత్తకోడలిలా దానికేసి చూస్తూ కూర్చుంది ఆమె. పాలైతే పొంగుతాయి, పొంగగానే దించేస్తే సరి. రక్తం అలా కాదు, పేరుకోవాలి. పేరుకోవడానికి అరగంట పడుతుంది, ఊదినా పడుతుంది, బతిమాలినా పడుతుంది. తొందరపడి ముందే సెంట్రిఫ్యూజులో తిప్పితే పైన తేలే తేటలో, అదే సీరంలో, సన్నటి జిగురు దారాలు మిగిలిపోయి మెషిన్ గొంతుకి అడ్డం పడతాయి. అప్పుడు అరగంట కాదు, పూటంతా పోతుంది. అరగంట దీనికి, గిర్రున తిప్పడానికి పది నిమిషాలు, మెషిన్ నిజమే చెబుతోందా లేదా అని, అంకె ముందే తెలిసిన ద్రావణంతో ఒకసారి సరిచూసుకోవడానికి ఇంకో పది. ఎన్నిసార్లు కూడినా పదికి ముందు అంకె రాదు. పదిన్నరకి పై అంతస్తులో తాళాల మేస్త్రి కడుపు రెండోసారి కోయబోతున్నారు. ఆయన రక్తంలో పొటాషియం నాలుగుంటే కోయాలి, రెండుంటే కోయకూడదు. గంటంబావు క్రితం నాలుగు అని రాసి పైకి పంపింది తనే.

నాలుగు. మూడున్నరకీ అయిదుకీ మధ్యన హాయిగా కూర్చున్న అంకె, ఎవరూ రెండోసారి చూడని అంకె, క్లాసులో మధ్య బెంచీ పిల్లలాంటి అంకె. పొద్దున్న ఆ అంకె వచ్చినప్పుడు ఆమె ఏమనుకుంది? ఏమీ అనుకోలేదు. అద్దం ముందు కప్పులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఎందుకుంటాయా అని ఆలోచిస్తోంది. రోజూ విడివిడిగా పెడుతుంది, తెల్లారేసరికి ఆనుకునే ఉంటాయి. ఆయనే జరుపుతాడా, అవే జరుగుతాయా? పెళ్ళై ఇరవై మూడు రోజులైంది, ఇంకా కనిపెట్టలేదు. అడిగితే తెలిసిపోతుంది, అందుకే అడగలేదు. ఆ బ్రష్షుల గురించి నవ్వుకుంటూనే నాలుగు అని రాసింది, సంతకం పెట్టింది, పైకి పంపింది.

తొమ్మిదికి పావుగంట ముందు పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు ఎప్పుడూ ఎవరినో మందలిస్తున్నట్టే ఉంటుంది, మెచ్చుకునేటప్పుడు ఇంకా ఎక్కువగా. "ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, కాళ్ళు నేల మీదే ఉన్నాయా? ఈ మేస్త్రి పొటాషియం నాలుగని రాశావు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు." ఎందుకు సిస్టర్ అంటే ఎందుకో చెప్పింది, కూరలవాడి దగ్గర పుచ్చుల్ని ఏరి చూపించినట్టు ఒక్కొక్కటే తీసి చూపించింది. ఆరు రోజుల క్రితం పేగుకి పడిన చిల్లు కుట్టారా, ఆ రోజు నుంచీ ముక్కులో గొట్టం ఉందా, రోజుకి లీటరున్నర ఆకుపచ్చ నీళ్ళు బయటికొస్తున్నాయా, లోపలికి వెళ్ళేదేమో ఒట్టి ఉప్పునీళ్ళూ పంచదార నీళ్ళూనా? "నోటితో తినని మనిషికి పొటాషియం ఆకాశం నుంచి ఊడిపడుతుందా?" నిన్నటి నుంచి కాళ్ళు ఎత్తలేకపోతున్నాడు. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. కడుపు డోలులా ఉబ్బింది, చెవి పెట్టి వింటే లోపల ఏ చప్పుడూ లేదు. ఈసీజీ కాగితం మీద గుండె కొట్టుకున్నాక లేవాల్సిన గుట్ట చదునైపోయి, దాని పక్కన ఉండకూడని ఇంకో చిన్న గుట్ట లేచింది. "సర్జన్ గారు పేగు మడత పడిందంటున్నారు, మళ్ళీ తెరుస్తానంటున్నారు. నేను పొటాషియం అన్నాను. నాలుగుందని నీ కాగితం చూపించారు. నా నోరు మూతపడింది. నీ కాగితం నిజమేనా?"

"నిజమే సిస్టర్," అంది ఆమె.

అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఎవరైనా 'భోంచేశావా' అంటే 'ఆఁ' అన్నట్టు అనేసింది. ఫోన్ పెట్టేశాక, ఫ్రిజ్జు మోటారు ఒక్కసారి గుర్రుమని మొదలైనప్పుడు, ఆ చప్పుడుకి తల తిప్పి దాని తెల్లటి తలుపు చూసినప్పుడు గుర్తొచ్చింది. మేస్త్రి రక్తం రాత్రంతా అందులో ఉంది. సీరం విడదీయకుండా, తిప్పకుండా, గడ్డ గడ్డగానే ఉంది. చల్లగా పెడితే పాడవదు కదా అని పాలు పెట్టినట్టు, పూలు పెట్టినట్టు తనే పెట్టింది.

కాలేజీలో చెప్పారు. పరీక్షలో వచ్చింది కూడా, అయిదు మార్కులకి అయిదూ వేశారు. పొటాషియం బయట తిరిగేది కాదు, ఇంట్లో ఉండేది. ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు కణాల లోపలే ఉంటుంది, రక్తంలో తేలేది మిగిలిన రెండు పాళ్ళు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గానీ, పొటాషియం విషయంలో ఆ మాట నమ్మకండి అనేవారు మాస్టారు. వీధిలో కనబడ్డ మనుషుల్ని లెక్కపెట్టి ఊళ్ళో ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో చెప్పడం లాంటిది ఈ పరీక్ష అనేవారు. ఒక్కోసారి ఇళ్ళు ఖాళీ అవుతున్నా వీధి నిండుగానే కనబడుతుంది. అందుకని అంకె ఒక్కటే చూడకండి, మనిషిని చూడండి, అతనికి ఏం పోతోందో, ఏం వస్తోందో అడగండి అనేవారు. పెద్ద సిస్టర్ ఏ కాలేజీలో చదివిందో గానీ ఆ పాఠం ఆవిడ ఒంటబట్టింది. తనకి అయిదు మార్కులొచ్చాయి.

ఇంకోటి కూడా చెప్పారు. బయటికి జారిపోయిన పొటాషియాన్ని లోపలికి లాక్కొచ్చే కూలీలు ప్రతి కణం గోడ మీదా ఉంటారు, వాళ్ళు వెచ్చదనంలోనే పని చేస్తారు, చలిలో చేతులు కట్టుకుని కూర్చుంటారు. అందుకే విడదీయని రక్తాన్ని ఫ్రిజ్జులో పెట్టారో, లోపలిదంతా మెల్లమెల్లగా బయటికి వచ్చేస్తుంది. రెండున్నది మూడవుతుంది, నాలుగవుతుంది. కణాలు పగిలి ఉంటే సీరం ఎర్రబడి పట్టిచ్చేది. ఇక్కడ ఏదీ పగలదు. తేనెలా, తేటగా, అబద్ధం ముఖాన రాసిపెట్టి ఉండని మనిషిలా ఉంటుంది. పొద్దున్న దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి ఎంత బాగుందో అనుకుంది కూడా.

తొమ్మిదీ ఇరవై. ట్యూబుని కొంచెం వంచి చూద్దామనిపించింది, చెయ్యి వెనక్కి లాక్కుంది. కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది.

నిన్న సాయంత్రం అయిదూ నలభైకి ఈ మనిషి రక్తమే వచ్చింది, చీటీ మీద 'రేపు రౌండ్స్‌కి' అని ఉంది. పేరుకోవడానికి అరగంట, తిప్పడానికి పది నిమిషాలు, అంటే ఆరూ ఇరవై. గేటు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, జేబులోంచి దువ్వెన తీసి, ఎవరూ చూడటం లేదనుకుని దువ్వుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుంటూ. లిఫ్టులు బిగించడం, బాగుచేయడం ఆయన పని. పన్నెండంతస్తుల కొత్త భవనంలో నాలుగు నెలలుగా బిగిస్తున్న లిఫ్టు నిన్నటితో పూర్తయింది, ఆరున్నరకి యజమానులకి అప్పగించేయాలి. "ఇంకెవరూ ఎక్కకముందు నువ్వెక్కాలి," అన్నాడు పొద్దున్న, టీ గ్లాసు అంచు మీంచి చూస్తూ. "మొదటి సవారీ నీదే. ఆలస్యం చేశావంటే ఆ పొట్టాయన ఎక్కేస్తాడు, జీవితాంతం నాకు బాధ." ఆ పొట్టాయన ఎవరో ఆమెకి తెలియదు. కానీ ఎక్కనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

అందుకని ట్యూబుని ఫ్రిజ్జులో పెట్టి, కోటు కొక్కేనికి తగిలించి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఆయన పన్నెండు మీటలూ నొక్కేశాడు. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకుంది, ప్రతి అంతస్తులోనూ ఎవరూ లేరు, కొత్త రంగు వాసనా, సాయంత్రపు ఎండా తప్ప. ప్రతి తలుపు దగ్గరా ఆయన చెవి ఒగ్గి విన్నాడు, ఇంట్లో నిద్రపోయే పిల్ల ఊపిరి విన్నట్టు. "తాడు తెగిందేమోనని జనం హడలిపోతారు గానీ, చుక్కమ్మా, లిఫ్టు ఆగిపోయిందంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు తాడు కాదు, తలుపు దగ్గర అంగుళమంత మీట అంటుకోదు, అంతే. అది అంటుకోకపోతే ఎంత పెద్ద మోటారైనా దండం పెట్టి కూర్చుంటుంది. తెలియని మెకానిక్ మోటారు విప్పుతాడు." చుక్కమ్మ అన్నది ఆయన పెట్టిన పేరు, రోజంతా జనం రక్తపు చుక్కలతో కాపురం చేస్తుందని. ఏడో అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడు ఏం జరిగిందో వాళ్ళిద్దరికే తెలుసు, మూసుకోవడం ఎందుకు ఆలస్యమైందో కూడా. ఆ ఏడో అంతస్తుని తలుచుకుంటూ నిద్రపోయింది, తలుచుకుంటూ లేచింది. ఇప్పుడు మాత్రం ఎనిమిదో అంతస్తు, తొమ్మిదో అంతస్తు గుర్తొచ్చినకొద్దీ ఆ ఫ్రిజ్జులో కూడా తలుపులు తెరుచుకుంటున్నట్టూ, చలికి ముడుచుకున్న కూలీల ముందు నుంచే పొటాషియం ఒక్కొక్కటిగా గడప దాటిపోతున్నట్టూ అనిపిస్తోంది. సంతోషం తప్పు కాదు. సంతోషానికి నలభై నిమిషాలు ఆగడం తెలియకపోవడం తప్పు. ఆయనని ఆగమంటే ఆగేవాడు. పొట్టాయన ఎక్కేవాడు, అంతేగా.

తెలియని మెకానిక్ మోటారు విప్పుతాడు. సర్జన్ గారు తెలియని మనిషి కాదు, చేతులు బంగారం, అందరూ అంటారు. అయితే ఆయన చేతిలో ఉన్నది తన కాగితం. పొటాషియం పోయిన ఒంట్లో కాళ్ళే కాదు, పేగులూ చచ్చుబడతాయి. ఎక్కడా మడత పడదు, ఏదీ అడ్డం ఉండదు, ఊరికే కదలడం మానేస్తాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, అదే ఉబ్బు, అదే నిశ్శబ్దం. రోజూ పొద్దున్న వార్డులో సర్జన్ గారు అడిగే మొదటి మాట "గాలి పోయిందా?" అని. పాపం ఆ మేస్త్రి, ఆయన కూతురు, పక్క మంచాలవాళ్ళు, సిస్టర్లు, అందరూ ఒక్క అపానవాయువు కోసం ఆరు రోజులుగా శకునం కోసం చూసినట్టు చూస్తున్నారట. ఇది పెద్ద సిస్టరే చెప్పి తనే నవ్వింది. ఇప్పుడు కోస్తే మత్తుమందు ఇస్తారు, పొటాషియం అడుగంటిన గుండె మత్తులో లయ తప్పొచ్చు, తప్పితే మళ్ళీ దారికి రాకపోవచ్చు. పోనీ వచ్చిందే అనుకో, తెరిచి చూస్తే మడత ఉండదు. తాళం బానే ఉందని తలుపు పగలగొట్టాక తెలిసి ఏం లాభం?

తాళాల మేస్త్రిని ఆమె ఇవాళ తొమ్మిదింటికే మొదటిసారి చూసింది. ల్యాబులో మనుషులు ట్యూబులుగా వస్తారు, నంబర్లుగా వెళ్ళిపోతారు. ఏ తాళమైనా చెవి దగ్గర పెట్టుకుని తెరిచే మనిషట, ముప్పై ఏళ్ళు అదే పని, వేళ్ళ చివర్లు నున్నగా అరిగి ఉన్నాయి. మళ్ళీ చూడాలి సిస్టర్, కొత్త రక్తం కావాలి అని మాత్రం చెప్పి పరుగెత్తుకెళ్ళింది, ఎందుకో చెప్పలేదు. సిస్టర్ అడగలేదు. ఒక్క క్షణం కళ్ళలోకి చూసి, సర్జన్ గారి దగ్గరికి వెళ్ళి, పదిన్నర దాకా ఆగమని ఒప్పించుకొచ్చింది. "పదిన్నర దాటాక ఒక్క నిమిషం ఆగనన్నారు. మడతే అయితే ఆలస్యం చేసినకొద్దీ పేగు నల్లబడుతుంది. ఆ పాపం నీదీ నాదీనట." పట్టీ గట్టిగా కట్టకుండా, పిడికిలి బిగించనివ్వకుండా తీయాలి, బిగిస్తే కండలోని పొటాషియం ఒలికి మళ్ళీ అబద్ధపు అంకె వస్తుంది. "పిడికిలి బిగించొద్దు బాబాయ్, చెయ్యి వదులుగా వదిలేయండి," అంది. ఆయన ముక్కులో గొట్టంతోనే నవ్వబోయాడు. "బిగించమన్నా బిగించలేనమ్మా. వీళ్ళంతా బిగించు బిగించు అంటున్నారు, నువ్వే నయం." నువ్వే నయం. ఆమె తల ఎత్తకుండా సూది గుచ్చింది.

తొమ్మిదీ నలభై. గట్టిపడింది. వేరే కాగితాల పని ఏదీ పెట్టుకోకుండా ట్యూబుని సెంట్రిఫ్యూజులో పెట్టి, ఎదురుగా నీళ్ళు పోసిన ఇంకో ట్యూబుతో బరువు సరిపెట్టి, మూత వేసి మీట నొక్కింది. సన్నగా మొదలై, ఎక్కి ఎక్కి, ఒకే రాగం మీద నిలబడింది. పది నిమిషాలు.

ఏ అంకె రావాలని కోరుకుంటున్నావే నువ్వు? అని తనని తాను అడిగింది, అమ్మ అడిగే గొంతుతో. జవాబు వెంటనే రాలేదు, దానికే భయం వేసింది. మళ్ళీ నాలుగే వస్తే నిన్నటి రాత్రి ఫ్రిజ్జు కడిగిన ముత్యం. ఏడో అంతస్తు ఎప్పటిలా మెరుస్తుంది, తను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ మనిషి కడుపు మాత్రం కోస్తారు, నిజంగానే కోయాల్సి ఉండి కోస్తారు. రెండొస్తే ఆయన బల్ల ఎక్కడు, తను ఎక్కుతుంది. ఇలాంటి తూకం మనసులో వేయడమే సిగ్గు, కానీ వేసింది, వేయనట్టు నటించడం ఇంకా సిగ్గు. ఉద్యోగం పోతుందా? పోవచ్చు. అత్తగారు చుట్టాలందరికీ 'మా కోడలు రక్తం చూసి రోగం చెప్పేస్తుంది' అని జ్యోతిష్కురాలిలా చెప్పుకుంటోంది, ఆవిడకేం చెప్పాలి? ఆయనకేం చెప్పాలి? నువ్వు తలుపు తెరిచిన ప్రతి అంతస్తూ నాకిష్టమే, అయినా నన్ను ఇంకెప్పుడూ పని ముగియకముందు రమ్మనకు అని చెప్పాలి. ఆ మాటకి ఆయన ముఖం ఎలా అవుతుందో కనిపించింది. నొచ్చుకోడు, దువ్వెన తీస్తాడు, అంతే. నవ్వొచ్చింది. ఈ సమయంలో నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. ఆ కోపంలోంచే జవాబు కూడా వచ్చింది: రెండే రావాలి. దేవుడా, రెండే రానీ. నా తప్పే నిజం కానీ.

రాగం దిగి దిగి ఆగింది. కింద ముద్దగా రక్తం, పైన తేనె రంగు. నిన్నటిదానికీ దీనికీ రంగులో పిసరంత తేడా లేదు. తెలిసిన ద్రావణం ముందు పెట్టింది, మెషిన్ చెప్పాల్సిందే చెప్పింది. తరవాత మేస్త్రి సీరం. సూది దిగింది, పీల్చింది. లోపల ఎక్కడో నీళ్ళు గుటక వేసినట్టు చప్పుడైంది. నిమిషం పట్టే పని. ఆ నిమిషంలో ఆమె ఏమీ ఆలోచించలేదు.

రెండు పాయింట్ రెండు.

ఇంకోసారి పెట్టింది. రెండు పాయింట్ రెండు.

ఎగిరి గంతేయాలనిపించింది, తన తప్పు రుజువైనందుకు గంతేసే మనిషిని లోకం ఏమంటుందో గానీ. ఫోన్ ఎత్తి ఆపరేషన్ థియేటర్‌కి చేసింది. సర్జన్ గారే తీశారు.

"రెండు పాయింట్ రెండు సార్. రెండుసార్లు చూశాను."

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు ఆగింది. "మరి నిన్న సాయంత్రం తీసినది నాలుగు కదా? రాత్రికి రాత్రి అంత పడిపోయిందా?"

తలుపు తెరిచే పెట్టారాయన. ఔను సార్, పడిపోయి ఉండొచ్చు అంటే చాలు. ఆపరేషన్ ఎలాగూ ఆగిపోతుంది, మందు ఎలాగూ ఎక్కిస్తారు, మేస్త్రికి ఒరిగేదీ తరిగేదీ ఏమీ లేదు. కాదు, ఉంది. రాత్రే పడిందంటే పైపైన పోయిందనుకుంటారు, రెండు సీసాలు ఎక్కించి, మళ్ళీ వీధి నిండగానే సరిపోయిందనుకుంటారు. ఆరు రోజులుగా ఇళ్ళన్నీ ఖాళీ అవుతూ వస్తున్నాయని ఎవరికి తెలుస్తుంది? ఇది రోజుల తరబడి మెల్లగా నింపాల్సిన లోటు.

"లేదు సార్. నిన్న సాయంత్రం కూడా ఇంతే ఉండి ఉంటుంది. ఆ రక్తాన్ని విడదీయకుండా రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టాను. త్వరగా వెళ్ళాలని. నాలుగన్నది అబద్ధపు అంకె. తప్పు నాది. పొద్దున్న సిస్టర్ అడిగినప్పుడు కూడా నిజమేనన్నాను."

"త్వరగా ఎక్కడికి?"

"లిఫ్టు ఎక్కడానికి సార్," అంది, ఇంకేం చెప్పాలో తెలియక.

ఆయన ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో అనడం వినబడింది: "బల్ల తీసేయండి. ఇవాళ లేదు. మానిటర్ మీద పెట్టి పొటాషియం మొదలుపెట్టండి, మెల్లగా." మళ్ళీ ఫోన్‌లోకి వచ్చారు. "మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం తీయాలి. నువ్వే తీయి. తీసిన టైము, తిప్పిన టైము రెండూ కాగితం మీద రాయి. మిగతాది రేపు మీ ల్యాబు పెద్దాయన ముందు మాట్లాడుకుందాం." పెట్టేశారు. రెండు నిమిషాలకి పెద్ద సిస్టర్ చేసింది. "తిట్టారా?" "లేదు." "తిడితే బాగుండేది కదూ?" ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఏడవకు. ఏడిస్తే నీ పొటాషియం పడిపోతుంది," అంది సిస్టర్, మందలించే గొంతుతోనే.

పావు తక్కువ పదకొండుకి ల్యాబు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. మేస్త్రి కూతురు, తన ఈడుదే, ఆరు రాత్రుల నిద్ర కళ్ళ కింద మూటగట్టుకుని. "నాన్నకి కోత అక్కర్లేదన్నారక్కా. మీరే కనిపెట్టారట కదా," అంటూ కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. వెచ్చటి చెయ్యి. ఒక్క క్షణం అలాగే ఉంచేసుకుందామనిపించింది, ఎవరికేం నష్టం? "కనిపెట్టింది పెద్ద సిస్టరండీ," అంది. "నేను నిన్న తప్పు చేశాను. మీ నాన్నగారి రక్తం ఉంచకూడనట్టు ఉంచాను. దానివల్లే నాలుగని వచ్చింది, దానివల్లే కోయాలన్నారు. ఇవాళ చేసింది ఆ తప్పు దిద్దడం, అంతే."

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. చాలాసేపు చూసింది, తాళానికి ఏ చెవి పడుతుందా అని చూసినట్టు. వరండాలో ఎవరో మందుల బండి తోసుకుపోయారు, దాని చక్రం ఒకటి కీచుమంటోంది.

"మధ్యాహ్నం రక్తం ఎవరు తీస్తారు?"

"నన్నే తీయమన్నారు. మీరు వద్దంటే వేరేవాళ్ళని పంపిస్తాను."

కూతురు వెళ్ళడానికి అటు తిరిగి, రెండడుగులు వేసి, ఆగింది. "మీరే రండి," అంది, వెనక్కి చూడకుండా. "సూది గుచ్చినట్టే తెలియలేదన్నాడు నాన్న. కానీ ఈసారి తీసిన రక్తంతో నేనూ మీ వెంట కిందికి వస్తాను. తిప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"రండి," అంది ఆమె. ల్యాబులో ఉన్నది ఒక్కటే స్టూలు. పక్క గదిలోంచి ఇంకోటి తెచ్చి, స్టాండు ఎదురుగా, తన స్టూలు పక్కన వేసింది.